డిస్‌ప్లే రాలేదు సరే, ప్రాసెసర్ పోయిందని ఎవరన్నారు?

పాత కంప్యూటర్‌ను ఇంకో నాలుగేళ్లు నడిపిద్దామని సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొని వేయించుకున్నవారికి నల్లగొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా వినిపించే తీర్పు ఒకటే. స్విచ్ వేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’. ‘సెకండ్ మాల్ గట్లనే ఉంటదన్నా. ప్రాసెసర్ ఖరాబైంది, కొత్తది తీస్కో’ అంటాడు మెకానిక్. పక్కన నిలబడ్డ బావమరిది ‘నేను ముందే చెప్పిన’ అంటాడు. అక్కడితో విచారణ ముగుస్తుంది.

ఈ తీర్పు చాలాసార్లు తప్పు. పైగా ఖరీదైన తప్పు. కంప్యూటర్‌లో ఉన్న భాగాలన్నింటిలో తనంతట తాను చచ్చిపోవడం అరుదైనది ప్రాసెసరే. డిస్‌ప్లే రాకపోతే అందరికంటే చివర అనుమానించాల్సిన దాన్ని మన దగ్గర మొదటే దోషిని చేసి కూర్చోబెడుతున్నారు. అది సెకండ్‌హ్యాండ్‌ది కావడమే దాని నేరం.

స్విచ్ వేసిన దగ్గర నుంచి తెర మీద మొదటి అక్షరం కనపడేదాకా ఏం జరుగుతుందో చూస్తే సంగతి తేలిపోతుంది. ముందు కరెంటు సరిగ్గా అందాలి. ప్రాసెసర్ మేల్కొని బోర్డు మీది చిన్న చిప్‌లో ఉన్న బయోస్‌ను చదవాలి. ఆ బయోస్‌కు ఈ ప్రాసెసర్ ఎవరో తెలిసి ఉండాలి. తర్వాత ర్యామ్ పలకాలి. ఆ తర్వాత గ్రాఫిక్స్ దొరకాలి. అన్నీ అయ్యాకే మానిటర్‌కు సిగ్నల్ వెళ్తుంది. అంటే డిస్‌ప్లే అనేది ఈ వరుసలో ఆఖరి మెట్టు. మధ్యలో ఎక్కడ తెగినా బయటికి కనపడేది అదే నల్లటి తెర. దాన్ని చూసి తెగింది ఫలానా చోటేనని చెప్పడం ఎవరి తరమూ కాదు.

బోరు మోటారు తిరగకపోతే నల్లగొండ రైతు వెంటనే పైపులు పైకి లాగించడు. ఫేజులు మూడూ ఉన్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టర్ పట్టుకుంటోందా చూస్తాడు. మోటారు బయటికి తీయించడం చివరి పని, ఎందుకంటే దానికి ఖర్చవుతుంది. అదే రైతు కొడుకు కంప్యూటర్ దుకాణంలో మాత్రం మొదటి నిమిషంలోనే ప్రాసెసర్ మీద ఆశ వదులుకుంటున్నాడు.

ఇక అసలు ఉదాహరణల్లోకి వెళ్దాం. హైదరాబాద్ కంపెనీలు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు మన జిల్లాల నెట్ సెంటర్లకు, ఫొటో స్టూడియోలకు, డీటీపీ దుకాణాలకు చేరడం ఏళ్లుగా ఉన్నదే. అందులో బాగా కనపడే రకం డెల్ ఆప్టిప్లెక్స్. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలో ఆప్టిప్లెక్స్ 790 ఉందనుకుందాం. లోపల రెండో తరం ఐ3. ఫొటోషాప్ నత్తనడక నడుస్తోందని ఐ7-3770 కొనుక్కొచ్చారు. సాకెట్ అదే, 1155. చక్కగా కూర్చుంటుంది, లీవర్ పడుతుంది. డిస్‌ప్లే రాదు.

వచ్చే అవకాశమే లేదు. ఐ7-3770 అనేది 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ తరం. 790 బోర్డు మీదున్నది క్యూ65 చిప్‌సెట్. క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్ల మీద ఐవీ బ్రిడ్జ్ నడవదని ఇంటెల్ అప్పుడే తేల్చేసింది. అదే ప్రాసెసర్‌ను తీసుకెళ్లి ఆప్టిప్లెక్స్ 7010లో పెడితే, అందులో క్యూ77 కాబట్టి, హాయిగా లేస్తుంది. 790కి కావాల్సింది ఐ7-2600. ఇక్కడ చచ్చింది ఏదీ లేదు. జత కుదరలేదు, అంతే. కానీ స్టూడియో ఓనరుకు చెప్పేది ‘ప్రాసెసర్ పోయింది’ అని.

బయట దొరికే హెచ్61 బోర్డులది ఇంకో తీరు. వాటి మీద ఐవీ బ్రిడ్జ్ నడుస్తుంది, కాకపోతే బయోస్ కొత్తదై ఉండాలి, దాంతోపాటు మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ కూడా ఎనిమిదో వెర్షన్‌కు మారాలి. 2011లో కొన్న బోర్డుకు బయోస్ ఎవరూ మార్చకపోతే 2012 ప్రాసెసర్‌ను అది గుర్తుపట్టదు. మందు కూడా అక్కడే ఉంది. పాత ప్రాసెసర్ ఇంకా సాకెట్‌లో ఉండగానే, మెషీన్ నడుస్తుండగానే, ముందు బయోస్ అప్‌డేట్ చేసి తర్వాత కొత్తది వేయాలి. పాతది పీకేశాక ‘బయోస్ చూద్దాం’ అంటే తెర లేని మెషీన్‌లో చూసేదేముంది?

విండోస్ 11 వచ్చాక ఈ గొడవ కొత్త రూపం ఎత్తింది. మైక్రోసాఫ్ట్ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అంటూ గీత గీసింది, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. దాంతో ఆరో తరం ఐ3-6100 ఉన్నవాళ్ల కన్ను ఎనిమిదో తరం ఐ3-8100 మీద పడింది. రెండింటి సాకెట్ పేరూ 1151, కొలతా ఒకటే. హెచ్110 బోర్డులో 8100 ఇబ్బంది లేకుండా దిగుతుంది. కానీ ఎనిమిదో తరానికి ఇంటెల్ పిన్నుల పని మార్చింది, 300 సిరీస్ బోర్డు ఉంటే తప్ప అది నడవదు. ఇరుక్కోకుండా కూర్చుంది కాబట్టి నడవాలన్నది కొన్నవారి లెక్క. నడవలేదు కాబట్టి చచ్చిందన్నది దుకాణం లెక్క. రెండూ ఒకటే పొరపాటు.

ఇదంతా పాత సామాను తలనొప్పి అనుకునేవారు ఏఎండీ కథ వినాలి. 2018 ఫిబ్రవరిలో ఆ కంపెనీ రైజెన్ 3 2200జీ, రైజెన్ 5 2400జీ విడుదల చేసింది. సీలు విప్పని కొత్త ప్రాసెసర్, సీలు విప్పని కొత్త బోర్డు కలిపినా చాలాచోట్ల డిస్‌ప్లే రాలేదు. బోర్డులు గోదాముల్లో పాత బయోస్‌తో ఉండిపోవడమే కారణం. అప్పుడు ఏఎండీ ఏం చేసింది? బయోస్ మార్చుకోవడానికి సరిపోయేలా ఒక చిన్న ప్రాసెసర్‌ను కొన్నవారికి అరువుగా పంపింది. దానికి ‘బూట్ కిట్’ అని పేరు కూడా పెట్టింది. నల్ల తెర వచ్చినంత మాత్రాన ప్రాసెసర్ పోయినట్టు కాదని తయారుచేసిన కంపెనీయే ఇంత ఖర్చు పెట్టి చెప్పింది. ఇప్పటి కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ వస్తున్నదీ ఇలాంటి చిక్కులకే.

చేతిపని వల్ల వచ్చే దోషాలు వేరే. ఇంటెల్ సాకెట్ మూత ఎత్తి ఫోన్ టార్చిని పక్కవాటంగా పట్టి చూడండి. వరుసలన్నీ ఒకే తీరున మెరవాలి. ఒకచోట మెరుపు వంకరపోయిందంటే అక్కడ పిన్ను వంగింది. ఆ పిన్ను ర్యామ్ ఛానెల్‌ది అయితే, ఒక స్లాట్‌లో ర్యామ్ పెడితే తెర రాదు, పక్క ఛానెల్ స్లాట్‌లోకి మారిస్తే వస్తుంది. ప్రాసెసర్‌లో నలుసంత లోపం ఉండదు. ఏఎం4 రైజెన్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. ఎండిన పేస్టు పట్టుకుని ఉండగా కూలర్‌ను నిటారుగా లాగితే లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటు ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. మెషీన్‌ను కాసేపు నడిపి, పేస్టు వేడిమీద ఉండగా ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పి తీయాలి. తొందరలో ఈ పని ఎవరూ చేయరు, తర్వాత తప్పు సరుకు మీదికి పోతుంది.

ఇంకా చిన్నవీ ఉన్నాయి. బోర్డు పైమూలన ప్రాసెసర్‌కు కరెంటిచ్చే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కేబుల్ పెట్టడం మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు. 2019లో మొదలైన ఇంటెల్ ‘ఎఫ్’ రకాల్లో, ఐ5-9400ఎఫ్ లాంటివాటిలో, గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్ కేబుల్‌ను బోర్డుకే తగిలిస్తే ఎంతసేపు చూసినా చీకటే. ఏఎం4 రైజెన్‌లోనూ పేరు చివర ‘జీ’ లేనివాటిది చాలావరకు ఇదే సంగతి. ప్రాసెసర్ మార్చేటప్పుడు బోర్డు మీద పడే ఒత్తిడికి ర్యామ్ కదిలినా చాలు. ర్యామ్ తీసి పసుపు అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం ప్రతి మెకానిక్‌కూ తెలిసిన వైద్యమే. సెకండ్ మాల్ అనగానే ఆ వైద్యం కూడా గుర్తుకు రాదు.

ఎండల మీద ఒక వాదన ఉంది. నల్లగొండలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, ఇన్నేళ్లు ఆ వేడిలో నడిచిన ప్రాసెసర్ మాడిపోయి ఉంటుందని అంటారు. వినడానికి నిజంలాగే ఉంటుంది. కానీ ప్రాసెసర్‌కు తన వేడి తనకు తెలుసు. దాదాపు నూరు డిగ్రీల దగ్గరికి పోగానే అదే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే మెషీన్‌ను ఆపేస్తుంది. వేడికి నిజంగా బలయ్యేవి పవర్ సప్లైలోని, బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. ఎండ వల్లే డిస్‌ప్లే పోయిందంటే ముందు చూడాల్సింది తల ఉబ్బిన కెపాసిటర్‌ను.

అవతలి పక్షం దగ్గర గట్టి సాక్ష్యాలు లేవని కాదు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీకి నిజంగానే దెబ్బతిన్నాయి. 2024లో కంపెనీ ఆ సంగతి ఒప్పుకుని మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. వాటిని సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు భయపడాల్సిందే. ఏఎండీ రైజెన్ ప్రోలో మరో చిక్కు. కొన్ని లెనోవో మెషీన్లలో ఒకసారి నడిచిన ప్రాసెసర్, ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అనే తాళం పడి, వేరే కంపెనీ బోర్డులో లేవదు. మూత మీది అచ్చు చెరిపి పెద్ద నంబరు కొట్టి అమ్మే మోసగాళ్లూ ఉన్నారు. అయితే వీటిని తరచి చూస్తే మొదటి రకం ఎక్కువగా మధ్యలో క్రాష్ అవుతూ సతాయిస్తుంది, ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉండటం దాని మొదటి లక్షణం కాదు. రెండోది చావలేదు, తాళం పడింది. మూడోది ప్రాసెసర్ తప్పు కాదు, అమ్మినవాడి తప్పు. తమ డేటా సెంటర్లలో లెక్క తప్పే కోర్ల మీద గూగుల్ ఇంజినీర్లు 2021లో ఒక పత్రం రాశారు. కొన్ని వేల మెషీన్లకు ఏ కొన్నో అలాంటివి దొరికాయట. అవి కూడా తెర ఇస్తూనే, పని చేస్తూనే, గుట్టుగా తప్పు జవాబులిచ్చాయి.

మరి తప్పుడు తీర్పు ఇంతగా ఎందుకు నిలబడింది? మెకానిక్‌లను తిట్టి ఊరుకుంటే సరిపోదు. పరీక్షించడానికి ఒకే సాకెట్‌ది ఇంకో బోర్డు, తెలిసిన ర్యామ్, నడిచే పవర్ సప్లై చేతిలో ఉండాలి. చిన్న పట్టణం దుకాణంలో అన్ని తరాలవీ ఉండవు. గంటసేపు చూసి ‘బయోస్ పాతది’ అని చెబితే కస్టమర్ ‘చూసినందుకే పైసలా?’ అని లొల్లి పెడతాడు. కొత్తది అమ్మితే ఆ లొల్లి లేదు, మిగులూ ఉంది. పనికి కూలి దొరకని చోట సరుకే అమ్ముడవుతుంది.

ఆ సరుకు ఒక్క ప్రాసెసర్‌తో ఆగదు. 1155కి కొత్త ప్రాసెసర్ ఇప్పుడు ఎక్కడా రాదు. కాబట్టి కొత్త తరం తీసుకోవాలి, దానికి బోర్డు మారాలి, పాత డీడీఆర్3 ర్యామ్ ఆ బోర్డుకు పట్టదు కాబట్టి అదీ మారాలి. కొన్ని వేలతో తేలాల్సిన పని మెషీన్ మొత్తం మార్చేదాకా పోతుంది. లేదంటే మొదట కొన్నచోటే తేల్చుకుందామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బస్సెక్కాలి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా పోనురాను రెండు వందల కిలోమీటర్ల దాకా. అక్కడ ఇంకో బోర్డులో పెడితే డిస్‌ప్లే వస్తుంది. ‘మంచిగనే ఉంది గద’ అని చేతిలో పెడతారు. నిజంగానే మంచిగానే ఉంది. ఇంటికొచ్చి వేస్తే మళ్లీ రాదు. ఈసారి రెండు ఊళ్ల మధ్య ఎవరో ఒకరు మోసగాడని తేల్చుకుంటారు.

దీన్ని తప్పించే పని పెద్దదేం కాదు. కొనే ముందు బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ ఫోన్‌లో ఫొటో తీసి, ఆ కంపెనీ సైట్‌లోని ప్రాసెసర్ల జాబితాలో పేరుందో లేదో చూడాలి. బయోస్ ముందే మార్చాలి. వేశాక తెర రాకపోతే కరెంటు కేబుల్, మానిటర్ కేబుల్, ఒకే ర్యామ్ ఒక్కో స్లాట్‌లో, ప్లగ్గు పీకి సీఆర్2032 సెల్లు తీసి సీమాస్ క్లియర్ చేయడం, పిన్నులు, ఈ వరుసలో చూసుకుపోవాలి. అప్పటికీ రాకపోతే పాత ప్రాసెసర్ మళ్లీ వేయాలి. దానికి తెర వస్తే బోర్డు, ర్యామ్, పవర్ సప్లై బతికే ఉన్నట్టు, మిగిలింది జత ప్రశ్న. దానికీ రాకపోతే మార్చేటప్పుడే ఏదో కదిలినట్టు. కొత్తగా తెచ్చినదాన్ని, దాన్ని ఒప్పుకుంటుందని తెలిసిన ఇంకో బోర్డులో వేసి, అక్కడా లేవకపోతేనే ఖరాబు అనాలి.

దుకాణాలు చెకింగ్ చార్జీని బోర్డు మీద రాసి దర్జాగా వసూలు చేయాలి, కస్టమర్లు మారుమాట లేకుండా ఇవ్వాలి. బదులుగా ఏ బోర్డులో, ఏ బయోస్‌తో పరీక్షించారో చీటీ మీద రాయించుకోవాలి, తీసిన పాత ప్రాసెసర్‌ను చేతికి తీసుకోవాలి. ఆ చీటీ చూపలేని దుకాణం ‘ఖరాబైంది, కొత్తది తీస్కో’ అంటే, తీసుకోనవసరం లేదు.