అది మన ఫీజు డబ్బే, హక్కుగా అడగండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం వస్తుందంటే క్యాంపస్‌లో మన విద్యార్థి సంఘాలు చందా పుస్తకం పట్టుకుని తిరుగుతాయి. చివరికి ఏ లీడరో, కాంట్రాక్టరో టెంటు, భోజనాల ఖర్చు ఇస్తాడు. బ్యానర్ మీద ఆయన ఫోటో పడుతుంది. ఇంక ఆ మైకులో పోడు పట్టాల గురించి గట్టిగా ఏం అడుగుతాం?

ముందు మీ ఫీజు రసీదు తీసి చూడండి. యూనియన్ ఫీజు అనో, సాంస్కృతిక కార్యక్రమాల ఫీజు అనో ఉందా? ఉంటే అందులో మన పైసలూ ఉన్నాయి. మొహమాటం ఎందుకు?

కార్యక్రమానికి నెల ముందే స్టూడెంట్స్ యూనియన్‌కి అర్జీ పెట్టండి. యూనియన్ ఎన్నికలే జరగని చోట విద్యార్థి సంక్షేమ డీన్‌కి పెట్టండి. తేదీ, హాలు, ఎంతమంది వస్తారు, థింసా బృందం బస్సు చార్జీలు ఎంత, భోజనాలకి ఎంత, అన్నీ విడివిడిగా రాయండి. "తోచిన సాయం చేయగలరు" అని వదిలేయొద్దు, అంకె వేయండి. మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. అయిపోయాక బిల్లులన్నీ అప్పజెప్పండి. లెక్క తేడా వస్తే వచ్చే ఏడాది మన జూనియర్లకి దారి మూసుకుపోతుంది.

కుదరదంటారా? కారణం రాసిమ్మనండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఆ ఫీజు కూడా లేదు. ఆ నిధి ఎంత, ఏ సంఘానికి ఎంత ఇచ్చారో అడగండి.

ఈసారి చందా పుస్తకం కంటే ముందు అర్జీ కాగితం తీయండి. జోహార్!