నఖ్రా కాదు సార్, సాంస్ ఆడట్లేదు

గుడ్డు వద్దన్న పిల్లాణ్ణి బడిలో ఏమంటారు? నఖ్రాలు అంటారు. ఇంట్లోనూ అంతే. ‘ఖానాకి ఇన్కార్ చేస్తే గునాహ్’ అని నానీమా, ‘అన్నం పారేస్తే కళ్లు పోతాయి’ అని ఆయమ్మ. పాపం, వాడు చెప్పేది ఒక్కటే: తింటే గొంతులో దురద పుడుతోందని. ఆ మాట వినడం బడిలో ఎవరికీ నేర్పలేదు. నా షికాయత్ అదే.

2013లో బీహార్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. తర్వాత 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన మార్గదర్శకాల్లో, వడ్డించే ముందు ఒక టీచరు సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని రాశారు. మంచిదే. కానీ అలర్జీని ఏ నాలుక పట్టుకుంటుంది? టీచరు గారికి కమ్మగా ఉన్న పల్లీ చిక్కీయే వెనక బెంచీ పిల్లకి జహర్ కావచ్చు. గుడ్డు, చిక్కీ తీసేయమని నేననడం లేదు. ఆ సియాసత్ చేసేవాళ్లు వేరే ఉన్నారు. లక్షల మంది గరీబు పిల్లలకు అదే తాఖత్. వడ్డించే చేతికి తాలీమ్ ఇవ్వమంటున్నాను.

మన ఇళ్లలో అలర్జీ అనే మాటే లేదు. ‘పిత్తీ ఉఛ్లీ’ అంటాం, కంబళి కప్పి పడుకోబెడతాం. ఒంటి మీద దద్దుర్లతో ఆగిపోతే సరే. పెదవులు వాచి, గొంతు బొంగురుపోయి, దగ్గు, పిల్లికూతలు మొదలై, వాంతులై కళ్లు తిరిగితే అది పిత్తీ కాదు, జాన్ మీదికొచ్చిన సంగతి. నిమిషాల్లో ముదురుతుంది. అప్పుడు సిట్రిజన్ మాత్ర దురద తగ్గిస్తుందేమో గానీ ప్రాణం కాపాడదు. అడ్రినలిన్ కావాలి, తొడ బయటివైపు కండలోకి. పిల్లని లేపి నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. 108కి ఫోను చెయ్యాలి. దమ్ చేయించండి, దువా చెయ్యండి, కానీ సూది తర్వాత. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న నబీ (స) ఉమ్మత్ మనది.

ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్‌ని అడిగాను, ఇలా అయితే ఏం చేస్తారని. ‘పేరెంట్స్‌కి ఫోన్ చేస్తాం’ అన్నారు, పూరే ఇత్మీనాన్‌తో. అబ్బూ దుబాయ్‌లో, అమ్మీ ఫోను బ్యాగులో. వాళ్లు ఎత్తేదాకా ఆ గొంతు ఆగుతుందా? ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే మెసేజ్ పంపే స్కూళ్లివి!

ఇంగ్లండ్‌లో 2017 నుంచి బడులే ప్రిస్క్రిప్షన్ లేకుండా అడ్రినలిన్ పెన్నులు కొని ఉంచుకోవచ్చు. మన దగ్గర ఆ పెన్నులు దొరకడం కష్టం. ఆంప్యూలు ఉన్నాయి, అంత ఖరీదూ కావు. అయితే సిరంజిలోకి మందు ఎక్కించడం, బరువును బట్టి ఎంత అనేది ముందే డాక్టరు రాసిచ్చి, చేయించి చూపిస్తేనే వస్తుంది. ఏటా సర్కారీ బడులకొచ్చి పిల్లల పళ్లూ కళ్లూ చూసే బాల స్వాస్థ్య బృందాలు ఉన్నాయి కదా, అదే రోజు టీచర్లకూ వంటవాళ్లకూ ఒక గంట నేర్పితే ఏం పోతుంది? సూది ఎవరు వెయ్యాలో, వేసినవాళ్ల మీద కేసు పడదని కూడా హుకూమత్ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఖౌఫ్ తియ్యకపోతే ఎవరూ చెయ్యి పెట్టరు.

తెలంగాణలో 200కు పైగా మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. మన పిల్లలు మూడు పూటలూ అక్కడే తింటారు, రాత్రి అక్కడే పడుకుంటారు. మదర్సాల సంగతీ అంతే. అవి సర్కారు కోసం ఆగనక్కర్లేదు, కమిటీ వాళ్లు మొహల్లా డాక్టర్‌సాబ్‌ని పిలిస్తే చాలు. పాయసంలో జీడిపప్పు పడిందని వంటాయన వార్డెన్‌కి చెప్పాలి, ఏ పిల్లకి పడదో వార్డెన్ గోడ మీద రాసి పెట్టాలి.

ఆపాలూ, భాయీలూ, మీ బచ్చాకి ఏది పడదో దాచకండి, ముఖ్యంగా ఆడపిల్లలకి. రిష్తా చెడుతుందని నోరు మూసుకునే ఇళ్లు నాకు తెలుసు. కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకుని ఇవ్వండి. ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల కన్నా ముందు అడగండి: అడ్రినలిన్ ఏ అల్మారాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది, ఆయన సెలవు పెట్టిన రోజు ఎవరి దగ్గర ఉంటుంది?