పరిశోధన అలమరా దాటాలి

బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. నాట్లు వేస్తూ, తిరగలి విసురుతూ జనం పాడుకునే పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేసిన పని అది. ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో పుస్తకంగా రావడం వల్లే తర్వాతి తరాలకు అందింది. ఆ దారిలో ఎందరో పల్లెలు తిరిగి ఒగ్గుకథలు, పెళ్లిపాటలు, కులవృత్తుల మాటలు సేకరించి సిద్ధాంతగ్రంథాలు రాశారు. వాటిలో అచ్చుకు నోచుకోనివి చాలా ఉన్నాయి. బైండు వేయించిన ప్రతి ఒకటి లైబ్రరీకి, ఒకటి శాఖకు, ఒకటి పర్యవేక్షకుడికి వెళుతుంది. పాట చెప్పిన ఊరికి మాత్రం ఏదీ చేరదు.

పరిశోధక విద్యార్థికి ఇచ్చే ఫెలోషిప్పు, ఆచార్యుడి జీతం, లైబ్రరీ ఖర్చు, అన్నీ జనం సొమ్మే. ఆ సొమ్ముతో పుట్టిన చదువు జనానికి అందాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఈ పని భౌతికశాస్త్రవేత్తలు ఏనాడో మొదలుపెట్టారు. 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ ‘ఆర్కైవ్’ అనే భాండాగారాన్ని నెలకొల్పారు. పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా పరిశోధన పత్రాన్ని అక్కడ పెడితే ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వందేళ్లుగా తేలని పాంకరే ప్రతిపాదనకు నిరూపణను రష్యా గణితవేత్త పెరెల్మాన్ 2002 నవంబరు నుంచి అక్కడే పెట్టారు. ఏ పత్రికకూ పంపలేదు. ప్రపంచ గణితవేత్తలు ఏళ్ల తరబడి దాన్ని పరీక్షించి సరైనదేనని తేల్చారు. పరిశోధన ఎవరైనా చదువుకొని, పంచుకొని, వాడుకునేలా ఉండాలన్న బుడాపెస్ట్ ప్రకటన కూడా 2002లోనే వచ్చింది.

మన దేశమూ వెనకబడి లేదు. పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ‘శోధ్‌గంగ’లో ఇవాళ ఐదు లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. పేరు నమోదు చేసుకోకుండా, పైసా కట్టకుండా వాటిని చదవవచ్చు. తెలుగువీ ఉన్నాయి.

ఉన్నాయి కానీ, దొరకడం కష్టం. ఒక తెలుగు గ్రంథం తెరిస్తే ముఖపత్రం, ధ్రువపత్రం, విషయసూచిక, ఒక్కో అధ్యాయం వేర్వేరు ఫైళ్లుగా కనిపిస్తాయి. అధ్యాయం తెరిచి ‘బతుకమ్మ’ అని వెతికితే, కళ్లెదుట పేజీలోనే ఆ మాట ఉన్నా, లేదని వస్తుంది. ఆ పంక్తిని కాపీ చేసి మరోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ విచిత్రమైన గుర్తులూ పడతాయి. కారణం, దాన్ని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేశారు, యూనికోడ్‌లో కాదు. మరికొన్ని గ్రంథాలు కేవలం స్కాన్ చేసిన బొమ్మలు. మనిషి కంటికి తెలుగుగా కనిపించేది యంత్రానికి తెలుగు కాదు. నాలుగేళ్ల శ్రమ లోకం ముందు ఉండి కూడా ఎవరి వెతుకులాటకూ చిక్కదు.

విదేశీ పత్రికలు చదివే వీలు కోసం కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. విద్యార్థులకు ఇది మేలే. కానీ ఆ తలుపు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవారికే తెరుచుకుంటుంది. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చొని శాసనాలు చదువుకునే తెలుగు పండితుడికి కాదు. తెలుగు పరిశోధనను తెరవడానికి ఏ విదేశీ సంస్థకూ డబ్బు కట్టక్కర్లేదు. అడ్డుపడుతున్నది ధర కాదు, అశ్రద్ధ.

అందరికీ కనిపించేలా పెడితే ఎవరో కాపీ కొడతారన్న భయం ఆచార్యుల్లో ఉంది. జరుగుతున్నది దానికి తలకిందులు. అలమరాలో ఉన్న గ్రంథాన్ని ఎత్తి రాస్తే పట్టుకునేవాడు ఉండడు. వెతికితే దొరికే గ్రంథాన్ని దొంగిలించడమే కష్టం. ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన పని తెలియక మరొకచోట అదే అంశం తీసుకునే అవస్థా తప్పుతుంది.

డబ్బు తీసుకోకుండా నాణ్యత నిలబెట్టడం సాధ్యమేనని ‘ఈమాట’ చూపించింది. 1998 నుంచి వెలువడుతున్న ఆ వెబ్ పత్రికలో ఛందస్సు మీద జెజ్జాల కృష్ణమోహనరావు రాసిన వ్యాసాలు ఏ ఊరి విద్యార్థికైనా అందుతాయి. ఒకేచోట దాచడం చాలదని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నేర్పింది: ఆ సైటు మూతపడినా, అందులోని తెలుగు పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినందువల్లే బతికాయి.

కాబట్టి తెలుగు శాఖలు చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఇకమీదట పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతి ఇవ్వనిదే గ్రంథాన్ని స్వీకరించకూడదు. అను ఫాంట్లలో ఉన్నవాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చాక తప్పులు దిద్దే పనిని ఎం.ఏ. విద్యార్థులకు పారితోషికం ఇచ్చి అప్పగించవచ్చు.

2009కి ముందరి గ్రంథాలదే పెద్ద చిక్కు. కాపీహక్కు రచయితది, చట్టం ప్రకారం మరణానంతరం 60 ఏళ్లు నిలుస్తుంది. 2010లో కన్నుమూసిన రామరాజు రచనల మీద 2070 దాకా హక్కు ఉంటుంది. రచయిత ఉండగా ఒక్క సంతకంతో అయ్యే పనికి, తర్వాత వారసులందరినీ వెతుక్కోవాలి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు, తెలుగు రాష్ట్రాల బయట మద్రాసు, బెనారస్ తెలుగు శాఖలు తమ పాత పరిశోధకుల జాబితాలు తీసి, పేజీకి మించని అనుమతి పత్రాన్ని ఈ విద్యాసంవత్సరంలోనే పంపాలి. ఎనభై దాటినవారితో మొదలుపెట్టాలి.