భరించేది ఎవరు?

శ్రీముఖలింగంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని సర్వే ఫారం నింపుతున్నాను. ‘కుటుంబ పోషకుడు’ అన్న గడిలో భర్త పేరు రాశాను. అతను చెన్నైలో కట్టుబడి పనికి పోయి ఎనిమిదేళ్ళు. ఊరికి వచ్చేది శివరాత్రికే. ‘ఆధారపడినవారు’ అన్న గడిలో ఆమె పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, మంచాన పడ్డ అత్త పేరు రాశాను. చదివి వినిపిస్తే ఆమె నవ్వింది. “ఆడు నన్ను పోసించడమేటమ్మా? ఆడి అప్పు కూడా నానే తీర్సినాను.”

ఆ ఫారం తయారు చేసింది ప్రభుత్వం కాదు. సోషియాలజీలో డాక్టరేటు ఉన్న నేనే.

మన మాటలు చూడండి. సంస్కృతంలో ‘భృ’ అంటే మోయడం, పోషించడం. భర్త అంటే భరించేవాడు. భార్య అంటే భరించబడవలసినది. భరణం కూడా ఆ ధాతువు బిడ్డే. అచ్చతెలుగు మాత్రం తక్కువ తిన్నదా? ‘మగదిక్కు లేని ఇల్లు’ అంటే రక్షణ లేని ఇల్లు. ‘ఆడదిక్కు లేని ఇల్లు’ అంటే వండిపెట్టే మనిషి లేని ఇల్లు. మగవాడు పోతే ‘పెద్దదిక్కు’ పోయింది అంటాం. ఇల్లంతా మోసిన ఆడది ‘చేదోడు వాదోడు’ దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఊరి మధుకేశ్వరుడి కథే తీసుకోండి. మధుకమంటే ఇప్పచెట్టు. ఒక శబర నాయకుడి ఇద్దరు భార్యలు చెరో కొమ్మ పువ్వులూ ఏరుకునేవారట. ఆ పువ్వుల కోసం తగవు వస్తే అతను చెట్టు నరకబోయాడట, మొదలులో శివుడు వెలిశాడట. ఆ కథలో ఇంటికి ఆధారమేది? చెట్టు, ఆ పువ్వులేరిన చేతులు. చెట్టు మొదలు దేవుడైంది. ఏరిన చేతులు సవతుల పోరుగా మిగిలాయి.

ఇది పురాణంతో పోయేదైతే బాధ లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ‘తనను తాను పోషించుకోలేని భార్య’కు భరణం అంది. 2024 జూలై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనూ అదే మాట అంటోంది. కూలికి వెళ్తే “సంపాదిస్తోందిగా, భరణమెందుకు?” అని అవతలి వకీలు. వెళ్ళకపోతే “కూర్చుని తింటోంది” అని ఊరు. ఎటు తిరిగినా ఆమె బరువే.

2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు సుమారు 15.98 కోట్లు, పురుషులు 57.9 లక్షలు. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఈ అంకెలనే ఎత్తిచూపి, గృహిణి శ్రమకు విలువ కట్టి తీరాలంది. కానీ ఆ విలువ లెక్కకొచ్చింది ఆమె చనిపోయాక! బతికుండగా ఏ గడిలో రాస్తున్నాం?

“ముందు కూలి రేట్ల సంగతి చూడండి, మాటలదేముంది” అనే మిత్రులున్నారు. కూలి కోసం పోరాడవలసిందే. కానీ పరిహారం ఎవరికి, పట్టా ఎవరి పేర అని తేల్చే కాగితం మీద ఉండేది మాటే కదా. మనమేం తక్కువ? అప్పు వాయిదాలు తప్పకుండా కట్టే సంఘం స్త్రీలను మన నివేదికల్లో ‘లబ్ధిదారులు’ అంటాం. ‘నిరాధార మహిళలకు ఆసరా కల్పించాం’ అని రాసుకుంటాం. వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ కష్టం లేకపోతే మన సంస్థలకు ఆసరా ఎవరు?

నా ఫారంలో ఆ రెండు గడులూ కొట్టేశాను. ఇప్పుడు అడిగేది ఒక్కటే: ఈ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎవరి డబ్బుతో పొయ్యి వెలుగుతోంది? మీ ఫారాలూ తీసి చూడండి. భరణం కేసు రాసేటప్పుడు ‘దయతో ఇప్పించండి’ అనకండి. ఆమె ఇన్నేళ్ళు మోసిన బరువుకు అది అతను పడ్డ బాకీ. బాకీ అనే రాయండి.