ప్లాట్‌ఫాం దాటని ఇంటర్నెట్

మన రైలు పట్టాల వెంట 60 వేల కిలోమీటర్లకు పైగా ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఉంది. ప్రజల సొమ్ముతో, ప్రజల భూమిలో వేసిన కేబుల్ అది. రైల్వే శాఖ కింద పనిచేసే రైల్‌టెల్ సంస్థ దాని ఆధారంగా 6,100కు పైగా స్టేషన్లలో వైఫై ఇస్తోంది. వాటిలో ఎక్కువ భాగం పల్లెటూళ్ల స్టేషన్లే. అయినా ఆ వైఫై ప్లాట్‌ఫాం చివరి దాకా మాత్రమే అందుతుంది. స్టేషన్ గోడకు అవతల ఉన్న బడికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, పంచాయతీ కార్యాలయానికీ దానితో సంబంధం లేదు. ఊరి పక్కనే కాలువ నిండుగా పారుతున్నా పొలానికి తూము లేకపోతే ఆ రైతుకు ఏం లాభం? ప్రతి గ్రామీణ రైల్వే స్టేషన్నూ చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ అందించే కేంద్రంగా మార్చాలి. రైల్వే ఈ పనిని ఉదారంగా చేసే మేలుగా కాక, ప్రజల ఆస్తిని ప్రజలకు అక్కరకు తేవడంగా చూడాలి.

రైల్వేకు సమాచార వ్యవస్థ మొదటి నుంచీ అవసరమే. పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే స్టేషన్ మాస్టర్ బండిని కదలనివ్వడు. ఒకప్పుడు ఆ కబుర్లన్నీ పట్టాల పక్క స్తంభాలకు కట్టిన తీగల మీదే నడిచేవి. పట్టాల పైన 25 వేల వోల్టుల కరెంటు వచ్చాక ఆ ప్రభావం పక్క తీగల మీద పడి మాట వినపడని పరిస్థితి ఏర్పడింది. దాంతో తీగలు భూమిలోకి వెళ్లాయి, తర్వాత విద్యుత్ ప్రభావం సోకని ఫైబర్ వచ్చింది. ఒక్కో కేబుల్‌లో పదుల సంఖ్యలో ఫైబర్ పోగులు ఉంటాయి. రైళ్లు నడపడానికి వాటిలో కొన్ని చాలు. మిగిలిన సామర్థ్యాన్ని ఇతరులకు అద్దెకు ఇచ్చుకోవడానికి 1999 నాటి జాతీయ టెలికాం విధానం దారి తెరిచింది. 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ పుట్టింది అందుకే. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద టెలికాం కంపెనీ మూలాలు కూడా సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ సొంత అవసరాలకు వేసుకున్న సమాచార వ్యవస్థలోనే ఉన్నాయి. రైల్వే ఈ రంగంలోకి దిగడం కొత్తా కాదు, వింతా కాదు.

స్టేషన్ వైఫై 2016 జనవరిలో గూగుల్ తోడ్పాటుతో ముంబయి సెంట్రల్‌లో మొదలైంది. 2018 జూన్ నాటికి 400 స్టేషన్లకు చేరింది. మొబైల్ డేటా చౌకైంది కాబట్టి ఇక అవసరం లేదంటూ 2020లో గూగుల్ తప్పుకుంది. రైల్‌టెల్ మాత్రం ఆగలేదు. 2021 మేలో ఝార్ఖండ్‌లోని హజారీబాగ్ టౌన్‌తో 6,000 స్టేషన్లు పూర్తి చేసింది. ఈ పట్టుదలను మనసారా మెచ్చుకోవాలి. ఎర్నాకుళం స్టేషన్‌లో మూటలు మోసే ఒక యువకుడు ఆ వైఫైతోనే పాఠాలు విని, కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష గట్టెక్కిన సంగతి 2018లో దేశమంతా విన్నది. స్టేషన్ ఇంటర్నెట్ బండి కోసం ఎదురుచూసేవారి కాలక్షేపానికే కాదని ఆ యువకుడు రుజువు చేశాడు. కానీ ఆ అవకాశం అందింది అతను పనిచేసే చోటు స్టేషన్ కాబట్టే. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో అదే పరీక్షకు చదివే ఆడపిల్ల రోజూ చీకటిపడ్డాక ప్లాట్‌ఫాం మీద కూర్చోగలదా? రోజుకు అరగంట ఉచిత వైఫైతో ఆమె చదువు సాగుతుందా?

చేతిలో ఫోన్, అందులో డేటా ఉండగా ఇంకేం కావాలని అడిగేవారున్నారు. 2024 జులైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు ఒకదాని వెంట ఒకటి చార్జీలు పెంచాయి. రోజుకింత అని కొలిచి ఇచ్చే డేటా ఒక మనిషికి సరిపోవచ్చు గానీ బడిలో ముప్పై మంది పిల్లలకు డిజిటల్ పాఠం చెప్పడానికి చాలదు. ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆస్పత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడాలంటే తెగని లైన్ కావాలి. పైగా నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలోనో, కొత్తవలస నుంచి అరకు మీదుగా సాగే కొండదారిలోనో ప్రయాణించినవారికి ఫోన్ సిగ్నల్ ఎన్నిసార్లు పోతుందో తెలుసు. జనం పలచగా ఉన్నచోట టవర్ వేస్తే లాభం రాదని కంపెనీలు వెనకాడతాయి. రైలు పట్టాలు మాత్రం ఆ అడవుల్లోనూ, కొండల్లోనూ ఎప్పటి నుంచో ఉన్నాయి.

సాంకేతికంగా ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. పల్లెకు ఇంటర్నెట్ తేవడంలో అన్నిటికన్నా ఖర్చయ్యేది అక్కడి దాకా ఫైబర్ లాగడం. చిన్న స్టేషన్‌కు ఆ ఫైబర్ ఇప్పటికే చేరింది. కరెంటు, అది పోతే బ్యాటరీలు, పరికరాలు పెట్టే గది అక్కడ ఉన్నాయి, కనిపెట్టుకుని ఉండే సిబ్బందీ ఉన్నారు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగాన్ని 2018లోనే లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. ఎత్తయిన చోట యాంటెన్నా బిగిస్తే, అడ్డులేని దారిలో కొన్ని కిలోమీటర్ల అవతలి ఊరికి వైర్‌లెస్ లైన్ ఇవ్వవచ్చు. ఊళ్లో పంపకం సంగతి కేబుల్ ఆపరేటరో, కిరాణా కొట్టు యజమానో చూసుకోగలరు. లైసెన్సు, ఫీజు లేకుండా చిన్న దుకాణదారు కూడా వైఫై అమ్ముకునేలా పీఎం-వాణి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదించింది. రైల్‌టెల్ 2022 మేలో ఆ పథకాన్ని 100 స్టేషన్లలో ప్రారంభించింది కూడా. కానీ స్టేషన్ లోపలే! 2022 నాటికి దేశంలో కోటి పబ్లిక్ వైఫై కేంద్రాలు ఉండాలని 2018 టెలికాం విధానం చెప్పింది. గడువు దాటినా పీఎం-వాణి లెక్క ఆ కోటికి ఎంతో దూరంలోనే ఉంది.

ఇక భారత్‌నెట్. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ చేర్చాలని 2011లో తలపెట్టిన ఈ పథకం గడువు మీద గడువు దాటింది. 2023 ఆగస్టులో రూ.1.39 లక్షల కోట్లతో దాన్ని సవరించారు. ఒకచోట తెగినా మరో వైపు నుంచి సేవ అందేలా కేబుళ్లను వలయంగా కలపాలన్నది కొత్త పద్ధతి. ఆ వలయంలో ఒక అంచుగా రైల్వే ఫైబర్‌ను ఎందుకు వాడకూడదు? ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలను, తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ కందకాలను వాడుకున్నాయి. ఒక అవసరానికి కట్టినదాన్ని మరో అవసరానికి మళ్లించడం తెలుగు రాష్ట్రాలు ఇప్పటికే చేసి చూపిన పని. తుపానుకు స్తంభాలు పడిపోయే కోస్తాలో భూమిలోని రైల్వే కేబుల్ ఆసరాగా నిలుస్తుంది.

భద్రత సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. సిగ్నళ్లకూ, రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్‌ వ్యవస్థకూ వాడే లైన్లతో ప్రజల ఇంటర్నెట్ కలిసే వీలే ఉండకూడదు. వేరు ఫైబర్ పోగులు, వేరు పరికరాలు, వేరు నిర్వహణ తప్పనిసరి. రైళ్ల భద్రత కోసం 2021లో రైల్వేకు కేటాయించిన 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రంను ఈ పనికి ముట్టుకోకూడదు. ఈ హద్దులు రాతపూర్వకంగా ఉండాలి, బయటి నిపుణులు తనిఖీ చేయాలి. రైల్వే పని రైళ్లు నడపడమే కదా అన్న అభ్యంతరానికి జవాబు రైల్‌టెలే. వాటాలు స్టాక్ మార్కెట్లో అమ్ముడవుతున్న ఈ కంపెనీ ఇప్పటికే కంపెనీలకూ, ప్రభుత్వ కార్యాలయాలకూ, రైల్‌వైర్ పేరుతో ఇళ్లకూ ఇంటర్నెట్ అమ్ముతోంది. పట్నంలో వ్యాపారం చేయగలిగిన సంస్థ పల్లెకు వచ్చేసరికి తన పని కాదనడం కుదరదు.

రైల్వే బోర్డు చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ఏ స్టేషన్‌లో ఎంత సామర్థ్యం ఖాళీగా ఉందో బయటపెట్టాలి. పంచాయతీకైనా, కేబుల్ ఆపరేటరుకైనా, మహిళా సంఘానికైనా ఒకటే టోకు ధర ప్రకటించాలి. బడులు, ఆరోగ్య కేంద్రాలకు ఉచితంగా లైన్ ఇవ్వాలి. ఆ ఖర్చును డిజిటల్ భారత్ నిధి భరించాలి. పల్లెలకు టెలికాం సేవలు చేర్చడానికి ఏర్పడిన నిధి అది, ఇంతకన్నా తగిన ఖర్చు దానికి మరొకటి లేదు. వాడేవారి వివరాలను ప్రకటనల వ్యాపారానికి అమ్మబోమని రాసివ్వాలి.

ఈ పని దక్షిణ మధ్య రైల్వే నుంచి మొదలుకావాలి. రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. కవచ్ తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. నైపుణ్యం ఇక్కడే ఉంది, అవసరమూ ఇక్కడే ఉంది. కొత్త రైళ్లు, కొత్త హాల్టుల కోసం రైల్వే మంత్రికి వినతిపత్రాలు ఇచ్చే రెండు రాష్ట్రాల ఎంపీలు ఈసారి ఈ డిమాండును అన్నిటికన్నా పైన రాయాలి. తమ నియోజకవర్గంలోని ఏ స్టేషన్ నుంచి ఏ ఊరికి, ఏ తేదీలోగా ఇంటర్నెట్ లైన్ వస్తుందో పార్లమెంటులో అడిగి, లిఖితపూర్వక జవాబు రాబట్టాలి.