కంటికి కనిపించని గాయం

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు సంభవించి 17 మంది మరణించారు. 2025 జూన్ 30న హైదరాబాదు సమీపాన పాశమైలారంలో జరిగిన మరొక పేలుడు 40 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఇటువంటి ప్రమాదాలలో మృతులను లెక్కిస్తారు. కాలిన గాయాలకు చికిత్స చేస్తారు. ఒంటిపై గాయమైనా లేకుండా ఇల్లు చేరినవారి సంగతి ఎవరు విచారిస్తారు?

అటువంటివారిలో కొందరు కుక్కరు ఈల వేసినా ఉలిక్కిపడతారు. నిద్ర పట్టదు, పట్టినా ఆ దృశ్యమే కలలోకి వస్తుంది. "బతికి బట్టకట్టావు, అదే పదివేలు. ఇక ఆ మాట తలవకు" అని ఇంటివారు ఓదారుస్తారు. దిష్టి తీస్తారు. తలకు బ్రాహ్మీతైలం మర్దిస్తారు, రాత్రి పాలలో అశ్వగంధచూర్ణం కలిపి ఇస్తారు. గురుకులంలో ఆయుర్వేదం అభ్యసించిన వైద్యునిగా ఈ మాట చెప్పడం నా ధర్మం. తైలమర్దనం ఒంటికి హాయినిస్తుంది గాని, ఆ భయాన్ని తైలంతోనో చూర్ణంతోనో పోగొట్టగలమనుకోవడం పొరపాటు.

భయం ఎందుకు నిలిచిపోతున్నదో గమనించండి. ప్రమాదాన్ని గుర్తుచేసే చోటును, శబ్దాన్ని, మాటను బాధితుడు తప్పించుకొని తిరుగుతాడు. తప్పించుకొన్న ప్రతిసారీ కొంత ఊరట కలుగుతుంది. అయితే అపాయం తొలగిపోయినదని తెలుసుకొనే అవకాశమే మనసుకు దొరకదు. దానికి తోడు "నేను ముందే కేక వేసి ఉంటే తోటివాడు బ్రతికేవాడు" అనే అపరాధభావం లోలోపల తొలుస్తుంది. తలవకు అనే ఓదార్పు ఈ ముడిని మరింత బిగిస్తుంది.

ఈ ముడిని విప్పే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960వ దశకంలో అమెరికా మానసిక వైద్యుడు ఆరోన్ బెక్ విషాదరోగులకై దీనికి పునాది వేశారు. తరువాత దీనిని ఆఘాతానికి గురైనవారికి అనువుగా మలిచారు. బాధితుడు తన ఆలోచనను కాగితంపై వ్రాసి, అది ఎంతవరకు నిజమో నిపుణుని సహాయంతో పరిశీలిస్తాడు. జరిగినదానిని వరుసగా చెప్పుకొంటాడు. పిమ్మట, తాను తప్పించుకొంటున్న చోటులను మెట్టుమెట్టుగా సమీపిస్తాడు: మొదట ఫోటో, తరువాత బస్‌స్టాపు, ఆ తరువాత కర్మాగారం గేటు. సాధారణంగా 8 నుండి 12 సమావేశాలు అవసరమవుతాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఘాతానంతర మానసిక రుగ్మతకు ఈ చికిత్సను సిఫారసు చేసింది.

మన శాస్త్రానికి ఇది పరాయిది కాదు. చరకసంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం చికిత్సను మూడు విధాలుగా విభజించినది: దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. అహితమైన విషయాలనుండి మనసును మరల్చి నిగ్రహించడమే మూడవది. రోగాన్ని వృద్ధి చేసేవాటిలో విషాదమే ప్రధానమనీ చరకుడే చెప్పినాడు. అయితే "అంతా మన గ్రంథాలలోనే ఉన్నది" అని మురిసిపోయి ఊరుకోవడం తగదు. సూత్రం మనదైనా, నేటి పరీక్షకు నిలిచిన అనుష్ఠానక్రమం వారిది. మంచి పద్ధతి ఎవరిదైనా స్వీకరించడమే వైద్యధర్మం.

యాజమాన్యాలకూ ఒక మాట. యంత్రం నిజంగా ప్రమాదకరమైనచోట కార్మికుని భయం రోగం కాదు, వివేకం. యంత్రాన్ని సరిచేయకుండా మనిషి మనసును మాత్రమే సరిచేయబూనడం అన్యాయం.

ఇంటివారు చేయవలసినది కొంత ఉన్నది. చెప్పదలచినప్పుడు విసుగులేకుండా వినండి, బలవంతంగా చెప్పించవద్దు. వేళకు భోజనం, నిద్ర, నడక ఉండేటట్లు చూడండి. మద్యం జోలికి పోనీయవద్దు. నిద్రమాత్రలు సొంతంగా కొని ఇవ్వవద్దు. చాలామంది కొద్ది వారాలలో తమంతట తామే కుదుటపడతారు. నెల దాటినా బాధ తగ్గకపోతే, లేదా బ్రతకాలని లేదన్న మాట వినిపిస్తే ఆ రోజే, మానసిక నిపుణుని సంప్రదించండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా తెలుగులోనూ లభిస్తున్నది.

ఇంటి గౌరవానికి వెరచి ఈ గాయాన్ని దాచిపెట్టకండి. దాచిన గాయం మానదు.