మీ అమ్మాయి ఏ లెవెల్?

మొన్న శుక్రవారం ఇక్కడే సనాబిస్‌లో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలు. పులిహోర వడ్డిస్తూ వాళ్ళావిడ అడిగింది, "మీ అమ్మాయి జిమ్నాస్టిక్స్‌లో ఇప్పుడు ఏ లెవెల్ అన్నయ్యగారూ?" అని.

"నాలుగు" అన్నాను.

"పోయినేడూ నాలుగే అన్నారుగా?"

ముద్ద గొంతుకి అడ్డం పడింది.

తప్పు ఆవిడది కాదు. నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏ కంపెనీని చూసినా 'సీఎంఎం లెవెల్ ఫైవ్' అని గొప్పలే. అంతకు ముందు ఇంటర్ ర్యాంకులు, టీవీలో ఒకటి ఒకటి ఒకటి అంటూ చెవులు చిల్లులు పడే ప్రకటనలు. అంకె మారకపోతే మనిషి ఆగిపోయినట్టే అని మనకి రక్తంలో ఇంకిపోయింది. అందుకే "ఈ ఏడూ నాలుగులోనే" అని కోచ్ చెప్పినప్పుడు, పాప తప్పిందన్నట్టు మొహం పెట్టాను.

తరవాత కూర్చుని చదివాను. మా అమ్మాయి క్లబ్బులో అమెరికా పద్ధతి. మొత్తం పది లెవెల్స్. అయిదు దాకా అందరు పిల్లలూ ఒకే విన్యాసాలు చెయ్యాలి. ఆరు నుంచీ సొంత కూర్పు. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్, ఒక్కోదానికి పది మార్కులు. నాలుగో లెవెల్లో తొమ్మిదీ, ఏడో లెవెల్లో తొమ్మిదీ ఒకటి కావు. ఇది తరగతి కాదు, ఏడాది తిరగ్గానే పైకి పంపడానికి. బ్రిటన్‌ వాళ్ళ ప్రాథమిక అవార్డులైతే ఎనిమిది నుంచి ఒకటికి దిగుతాయి! అక్కడ మన 'అంకె పెరగాలి' లెక్క తలకిందులే.

ఇదంతా తెలిశాక కూడా నా బుద్ధి మారలేదు. క్లాసు నుంచి తెస్తూ కారులో రోజూ ఒకటే ప్రశ్న: "అయిదుకి ఎప్పుడు పంపుతారట?" ఒక రాత్రి మా ఆవిడ పిలిచింది, "ఏమండీ, దీని చెయ్యి చూడండి" అని. మణికట్టు వాచింది. మూడు వారాలుగా నొప్పట.

"చెప్పలేదేం తల్లీ?"

"చెప్తే ఇంకా నాలుగులోనే ఉంచుతారు కదా నాన్నా."

ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తటి పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. జిమ్నాస్టిక్స్‌లో చేతులే కాళ్ళు. ఒంటి బరువంతా, ఒక్కోసారి అంతకు మించి, మణికట్టు మీద పడుతుంది. నొప్పిని దాచి సాధన చేస్తే ఆ పొర దెబ్బతింటుంది. డాక్టరు ఆరు వారాలు విశ్రాంతి అన్నాడు. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఆ నొప్పిని దాయించింది కోచ్ కాదు, నా ప్రశ్న.

మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డిని చూడండి. మొదట కరాటే, తరవాత జిమ్నాస్టిక్స్. 2018లో మెల్‌బోర్న్‌ వరల్డ్ కప్పులో వాల్ట్‌లో 13.649 పాయింట్లతో కాంస్యం. జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్పులో భారతదేశానికి అదే మొదటి పతకం. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. పదేళ్ళప్పుడు ఏ మెట్టు మీద ఉందని ఇప్పుడెవరైనా అడుగుతారా? 1976లో నాడియా కొమనేచి పద్నాలుగేళ్ళకే ఒలింపిక్స్ గెలిచిందన్న మాట నిజమే. కానీ 1997 నుంచి పదహారు నిండే ఏడు వస్తేగానీ ఆడపిల్లల్ని సీనియర్ పోటీలకి రానివ్వడం లేదు. ప్రపంచమే ఆగమంటుంటే మనకెందుకండీ తొందర?

నిజానికి మన పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఒలింపిక్స్‌కి వెళ్ళరు. పడి లేవడం, భయపడ్డ పని మళ్ళీ చెయ్యడం, నొప్పిని నొప్పి అని చెప్పడం నేర్చుకుంటే కట్టిన ఫీజు గిట్టినట్టే.

ఇప్పుడు కారులో అడిగేది వేరే: "ఇవాళ ఏం బాగా వచ్చింది? ఎక్కడైనా నొప్పుందా?"

నిన్న సమాధానం: "హ్యాండ్‌స్టాండ్‌లో కాళ్ళు వంకర పోలేదు నాన్నా!"

లెవెల్? నాలుగేనండీ. ఈసారి ఎవరైనా అడిగితే పులిహోర గొంతుకి అడ్డం పడకుండా చెప్తాను.